తోకరెక్కలో చప్పుడు

మా ఆయన ఎల్డన్ బండి లేపిన దుమ్ము ఇంకా రోడ్డు మీద అణగనేలేదు. మాకు విమానం పని నేర్పుతున్న డెల్బర్ట్‌ని తీసుకురావడానికి వెళ్లాడు, పోవడానికి అరగంట, రావడానికి అరగంట. ఈలోగా షెడ్డులో బల్ల తుడిచి కాఫీకి చోటు చేద్దామని మేం కడుతున్న విమానం తోకరెక్కను ఓ చివర పట్టుకుని లేపాను. లోపల ఎక్కడో టిక్ అంది. కిటికీకి కొట్టుకున్న పురుగేమో అనుకుని రెండోవైపు వంచాను. గుడ్డ లోపల ఏదో సన్నగా జారింది, జారి ఆగి, మళ్లీ టిక్ అంది. పసిబిడ్డను పక్కమీద దింపినట్టు రెక్కను దింపి కుర్చీలో కూలబడ్డాను. గోడ మీద గడియారం తొమ్మిదీ ఐదు. కుడిచేతి నడిమి వేలు చూసుకున్నాను, బోసిగా ఉంది. మూడు వారాలైంది మా అమ్మ వేలితొడుగు కనపడక.

సూది వెనక్కి గుచ్చుకోకుండా వేలికొసకి పెట్టుకునే ఇత్తడి టోపీ అది. మా అమ్మ వేలికి సరిగ్గా ఉండేది, నా వేలికి కాస్త వదులు, అందుకే లోపల కొంచెం దూది పెట్టి తొడుక్కుంటాను. ఇంట్లో ఎక్కడో ఉందిలే, కుట్టుపెట్టె కిందో, కుర్చీ దిండు సందులోనో, అదే వస్తుందిలే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. అమ్మ వస్తువులు అలాగే పోతాయి, అలాగే వస్తాయి. ఒకసారి పిండి డబ్బాలో దొరికింది. ఒకసారి మా అమ్మాయి రోండా చిన్నప్పుడు దాంట్లో పాలు పోసి పిల్లి పిల్లకు తాగిస్తుంటే దొరికింది. ఇప్పుడు చూడబోతే విమానం తోకలో దొరికేలా ఉంది. మూడు వారాల కిందటి ఆ మంగళవారం నాకు బాగా గుర్తు. ఈ చివర ఎల్డన్ ఈ రెక్కకు రెండోపక్క గుడ్డ పరుస్తున్నాడు, ఆ చివర నేను చుక్కానికి కుట్లు వేస్తున్నాను. "ఆర్డిస్, ఒక్క చెయ్యి వెయ్యి, గుడ్డ జారిపోతోంది" అని కేకేశాడు. కుడుతున్నదాన్ని వదిలేసి పరిగెత్తాను. వేలితొడుగు తీశానా? తీసే ఉంటాను, జిగురులో ఎలా పెడతాను వేలు? తీసి ఎక్కడ పెట్టాను? అక్కడే తెగిపోతోంది నా జ్ఞాపకం. అరవై ఏళ్ల కిందటి పెళ్లిలో ఎవరు ఏ రంగు టోపీ పెట్టుకొచ్చారో చెప్పగలను గానీ, మూడు వారాల కిందట నా వేలిమీది వస్తువు ఎక్కడ పెట్టానో చెప్పలేను.

అయితే మూడు వారాలూ ఎందుకు మోగలేదు? ఎన్నిసార్లు ఎత్తాం, ఎన్నిసార్లు తిప్పాం. ఇస్త్రీ చేశాం, కుట్లు వేశాం, వెండిరంగు పూతలు మూడు పూశాం. ఒక్కసారీ కిమ్మనలేదు. తడి జిగురులో అతుక్కుని ఉండి, జిగురెండాక ఇవాళ ఊడిందేమో. ఇవాళే ఊడాలా! ఎల్డన్ ఉన్నప్పుడు ఊడినా ఆయనకు తెలిసేది కాదు, అది వేరే సంగతి. రెండు చెవుల్లో రెండు వినికిడి మిషన్లు పెట్టుకుంటాడా, వాటికి బఠాణీ బద్దంత బ్యాటరీలా, అవి అయిపోతే మార్చేదాకా నేను మాట్లాడిందంతా గోడకే. అయిపోయాయని కూడా ఆయనకు తెలియదు, నేనే అలిగి మాట్లాడటం మానేశానని అనుకుంటాడు. పెళ్లైన కొత్తలో నేను నిద్రలో పక్కకు తిరిగినా "ఏంటి, నీళ్లు కావాలా" అని లేచిన మనిషి. పొలాల మీద మందు చల్లే విమానం పక్కన ముప్పై ఏళ్లు నిలబడితే చెవులు ఏమవుతాయి మరి.

గుడ్డ మీద అరచెయ్యి పెట్టాను. బిగువుగా, డోలు చర్మంలా ఉంది. ఈ బిగువు నా చేతిది. ఇస్త్రీపెట్టె కూడా నాదే, చొక్కాలకు పనికిరాదని అటకెక్కించినది. దాని చక్రం మీద రాసిన వేడి ఒకటి, అది ఇచ్చే వేడి ఇంకొకటి. డెల్బర్ట్ థర్మామీటరు పెట్టి కొలిచి, చక్రం మీద నా గోళ్లరంగుతోనే రెండు ఎర్రచుక్కలు పెట్టాడు, మొదటి వేడికి ఒకటి, రెండో వేడికి ఒకటి. మొదటి వేడికి గుడ్డ మీది ముడతలు పోతాయి. రెండో వేడికి గుడ్డ తనలోకి తాను ముడుచుకుని ఊపిరి బిగపట్టినట్టు బిగుస్తుంది. ఆ చుక్క దాటితే ఇక అంతే సంగతులు. మొదటి చుక్కాని ఎల్డన్ ఒక్కడే ఇస్త్రీ చేశాడు, నేను చర్చి వంటలకు పోయిన రోజున. ఒకపక్క మొత్తం రెండో వేడికి లాగేసి, తర్వాత ఇంకోపక్క మొదలుపెట్టాడు. రెండు పక్కలూ కొంచెం కొంచెం, ఇటొకసారి అటొకసారి చెయ్యాలి గదా. నేను వచ్చేసరికి చుక్కాని వానకు తడిసి ఎండకు ఎండిన చెక్కలా మెలితిరిగి ఉంది. ఎనిమిది నెలల పని. ఆ శనివారం డెల్బర్ట్ వస్తే ఎల్డన్ ఏం చెబుతాడో, ఇస్త్రీపెట్టె మీద పెడతాడేమో అని చూశాను. పెట్టొచ్చు, ముసలి ఇస్త్రీపెట్టె, అదేమీ నోరు తెరిచి కాదనదు. పెట్టలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని "నేనే చెడగొట్టాను డెల్బర్ట్, నా తొందరే" అన్నాడు. డెల్బర్ట్ మెలితిరిగిన చుక్కాని వంక చాలాసేపు చూసి "కాఫీ ఉందా?" అన్నాడు. అంతే. ఎల్డన్ కత్తెర తీసుకుని, ఆరోజే గుడ్డంతా ఒలిచేశాడు.

ఆ మాట ఇప్పుడెందుకు గుర్తుకు రావాలి? మనసు అంతే, వద్దన్న గదిలోకే పోతుంది.

తొమ్మిదీ పదిహేను. పక్క పొలంలో కోతయంత్రం తిరుగుతోంది, మొక్కజొన్న పొట్టు వాసన షెడ్డు నిండా. ఎండ తలుపులోంచి వచ్చి సరిగ్గా రెక్క మీద పడింది. వెచ్చగానే ఉంది, కానీ ఈ వెచ్చదనం నాలుగు రోజులదే. గురువారానికి మొదటి మంచు అంటున్నాడు రేడియోలో. ఈ షెడ్డుకు పొయ్యి లేదు. చలి తగిలితే జిగురు పట్టదు, రంగు నిలవదు. సోమవారం రంగు వేయాలి, బుధవారానికి తోక బిగించాలి, వచ్చే వారం విమానాల పెద్దాఫీసు మనిషి వచ్చి చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ తర్వాత నేలమీద మంచు పేరుకునే లోపల రోండా దాన్ని గాల్లోకి లేపాలి. ఇదీ లెక్క. పదకొండేళ్లు పెట్టెలు పెట్టెలుగా వచ్చిన విమానం ఇవాళ ఈ ఒక్క తోక కోసం ఆగి ఉంది. ఇప్పుడీ గుడ్డ కోస్తే అతుకు వెయ్యాలి, మళ్లీ పూతలు పుయ్యాలి, అది అయ్యేసరికి మంచు కూర్చుంటుంది. ఇక మళ్లీ వసంతానికే.

వసంతం ఎంతలో వస్తుంది అంటారు పిల్లలు. ఎల్డన్‌కి డెబ్బై తొమ్మిది. రెండేళ్ల కిందట గుండెలో కవాటం మార్చారు, అప్పటి నుంచి విమానం సొంతంగా నడపకూడదన్నారు. ఆసుపత్రి నుంచి వస్తూ దారిలో మొక్కజొన్న చూస్తూ "మరి పక్క సీట్లో కూర్చోవచ్చంటావా?" అన్నాడు. నన్నే అడిగాడు, డాక్టర్ని కాదు. కూర్చోవచ్చు. అయితే కొత్త విమానాన్ని ముందు నలభై గంటలు నడిపేవాళ్లు ఒంటరిగా తిప్పాలట, ఆ తర్వాతే పక్కన మనిషి. ఈ శరదృతువులో మొదలైతే వేసవికి ఎల్డన్ ఎక్కుతాడు. వసంతంలో మొదలైతే? ఆ లెక్క నేను వెయ్యను. చదువు లేకపోయినా కొన్ని లెక్కలు నాకు బాగానే వచ్చు, అందుకే వెయ్యను.

ఒక వేలితొడుగు. ఎంత బరువుంటుంది? ఈక బరువు. ఎవరికి తెలుస్తుంది? డెల్బర్ట్‌కి ఎనభై నాలుగు, కంటికి ఆపరేషన్ అయి బండి నడపడం మానేశాడు, చెవులు మాత్రం ఏం బాగున్నాయని? రెక్కను ఎత్తి చూడడు, బల్లమీదే చూస్తాడు. కళ్లు మూసుకుని బొటనవేలితో కుట్లమీద నడుస్తాడు, ఒక్కో ముడి దగ్గర ఆగి ఊఁ అంటాడు. నేను ఊరుకుంటే ఊరుకున్నట్టే. తోకలో మా అమ్మ వేలితొడుగు తిరుగుతూ ఉంటుంది, ఆకాశంలో. మా అమ్మ ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఎక్కినట్టుంటుంది... ఛీ, ఏం మాటలు ఇవి. అబద్ధానికి ఎంత తొందరగా అందం వచ్చేస్తుందో చూడు.

మా అన్న వెర్లిన్ వంటింట్లో గోడకు ఒక పానా వేలాడేది. పొలాలకు మందు చల్లేవాడు వాడు, మా ఎల్డన్ వాడి విమానానికి మందు నింపేవాడు, అలాగే గదా నాకు ఎల్డన్ పరిచయం. ఒకరోజు చక్కెరదుంపల పొలం మీద కిందికి దిగి మళ్లీ పైకి లాగబోతే విమానం నడిపే కర్ర వెనక్కి రాలేదట. సగం వచ్చి ఆగిపోయిందట. ఎవరో తోకలో మరిచిన పానా, జారి జారి సరిగ్గా అక్కడికి చేరి అడ్డం పడింది. పొలం అవతల మొక్కజొన్న ఉండబట్టి అందులోకి దించేశాడు. మొక్కజొన్న వాడిని పట్టుకుంది. బతికాడు, ఎనభై ఒక్కేళ్లు బతికాడు, కాలు మాత్రం చివరిదాకా కుంటే. ఆ పానాను మేకుకు తగిలించి, ఇంటికి ఎవరొచ్చినా భోజనాల దగ్గర ఫోర్కుతో చూపించేవాడు, "అదిగో నా కాలు, గోడకుంది" అని. అందరం నవ్వేవాళ్లం. మా వదిన మాత్రం నవ్వేది కాదు. నేను ఆమెను చూసి, ఇంత హాస్యం లేని మనిషి ఏమిటా అనుకునేదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది వదినా.

ఎక్కబోయేది నా కూతురు. యాభై ఏళ్ల మనిషి, బడి బస్సు నడుపుతుంది, బస్సులో నలభై మంది పిల్లలు కొట్టుకుంటుంటే అద్దంలోంచి ఒక్క చూపుతో అణిచేస్తుంది. నలభై ఏడేళ్లప్పుడు విమానం నేర్చుకుంటానంది. "ఎందుకే, బస్సు చాలలేదా?" అన్నాను. "బస్సు ఎక్కడికి పోవాలో, ఎక్కడ ఆగాలో ఇంకొకళ్లు రాసిస్తారమ్మా" అంది. వాళ్ల నాన్న నవ్వాడు, చాన్నాళ్ల తర్వాత అలా నవ్వాడు. ఆ మర్నాడే షెడ్డు తాళం తీసి, కొంతకాలంగా మూలన పడి ఉన్న పెట్టెల మీద దుమ్ము దులిపాడు. ఈ రెక్క చివర ఇంకో బుల్లి రెక్క ఉంటుంది, అరచేతి వెడల్పు, దాన్ని తిప్పే తీగ ఒకటి ఈ రెక్క లోపలి నుంచే పోతుంది. తీగ పోయే దారిలో వేలితొడుగు ఉందనుకో. ఇత్తడిది, గట్టిది. తీగకూ రెక్క లోపలి బద్దకూ మధ్య ఇరుక్కుంటే? బుల్లి రెక్క తిరగాల్సినంత తిరగకపోతే? ఏమీ కాకపోవచ్చు. ఏమీ కాకపోవచ్చు అనే మాట మీద నా కూతుర్ని ఎక్కిస్తానా? ఊరంతటికీ చెప్పుకుంటాడు ఎల్డన్, "ఆర్డిస్ వేసిన కుట్టు మీద నా కూతుర్ని కళ్లు మూసుకుని ఎక్కిస్తా" అని.

కుట్టు సంగతి వేరు. కుట్టు నన్ను మోసం చేయదు. ఆరో క్లాసులో బడి మానేశాను, మా అమ్మకు కవలలు పుట్టి. పదహారో ఏట పట్నంలో టార్పాలిన్ల షాపులో చేరాను, ధాన్యం లారీల మీద కప్పేవి కుట్టేదాన్ని, ముప్పై ఒక్క ఏళ్లు. మా మేస్త్రీ కుట్టు చూడడు, పట్టుకుని గుంజుతాడు. చిరిగితే గుడ్డ చిరగాలి గానీ కుట్టు చిరగకూడదు అనేవాడు. మైనం పట్టించిన దారం, మూరెడు సూది, పైనుంచి గుచ్చితే కిందినుంచి రావాలి, బద్దను చుట్టి పైకి రావాలి, మూడు వేళ్ల వెడల్పుకో ముడి, ముడి లోపలికి పోవాలి. డెల్బర్ట్ ఒక్కసారి చూపిస్తే రెండోసారి నేనే ఆయనకు చూపించాను. "ఎక్కడ నేర్చుకున్నావు పిల్లా?" అన్నాడు. లారీల మీద అన్నాను. అక్షరాలు మాత్రం నాకు లొంగలేదు. గుడ్డ మూసేముందు లోపల అందరూ పేర్లు రాస్తారు, ఈ పని చేసేవాళ్లలో అదో ఆచారం, ఇక ఎవరూ ఎన్నటికీ చూడని చోట రాసి మూసేస్తారు. ఆ మంగళవారానికి ముందు ఆదివారం అందరూ రాశారు. ఎల్డన్ అచ్చక్షరాలతో రాశాడు. రోండా బస్సు బొమ్మ వేసి, బస్సుకు రెక్కలు పెట్టింది. డెల్బర్ట్ తేదీ వేసి సంతకం గీశాడు, డాక్టర్ల సంతకంలాంటిది. కలం నా చేతికిచ్చారు. "నా కుట్లే నా పేరు, పోండి" అన్నాను. భలే చెప్పావన్నారు. భలే కాదు, నా అక్షరాలు వాళ్ల పక్కన పెట్టడానికి సిగ్గేసింది. డెబ్బై ఐదేళ్ల ముసలిదానికి చీకట్లో ఎవరూ చూడని బద్దమీద రాయడానికి సిగ్గు. ఈ పిచ్చి ఎవరితో చెప్పుకోను?

తొమ్మిదీ నలభై. కత్తెర మేకుకు వేలాడుతోంది. ఇప్పుడే నేనే కోసేస్తే? వాళ్లు వచ్చేసరికి కోసేసి ఉంటే ఇక చర్చే ఉండదు, నాకు ధైర్యం కూడా అక్కర్లేదు. లేచాను, కత్తెర తీశాను, మళ్లీ పెట్టేశాను. వద్దు. నేను కోస్తే అది కూడా ఒక రకం దాచడమే. పదకొండేళ్లు ఆయన ఈ బద్దలు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. ఆయన లేనప్పుడు ఆయన రెక్కలో కత్తెర పెట్టే హక్కు నాకు లేదు. చెప్పే వంతు నాది. కొయ్యమనే వంతు ఆయనది. ఈ మాట అనుకోగానే ఎక్కడిదో గాలి లోపలికి వచ్చినట్టయింది. ఇంట్లోకి పోయి కాఫీ పెట్టాను. నిన్న చేసిన దాల్చిన చెక్క రోల్స్ మీద మూత తీశాను, మిరపకారం వేసిన బీన్స్ కూర గిన్నె మంట తగ్గించాను. చేతులు అంతే, మనసు వద్దన్నా పోయి పని చేసుకుంటాయి.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి కంకర మీద బండి చప్పుడైంది. ముందు డెల్బర్ట్ దిగాడు, ఎండ తగలకుండా పెద్ద నల్లకళ్లద్దాలు పెట్టుకుని, సినిమా దొంగలా.

"ఏం పిల్లా, వాసన గేటు దగ్గరికే వచ్చింది. ముందు రోల్స్‌కి పరీక్ష, తర్వాత రెక్కకు" అన్నాడు.

"రోల్స్ ఎక్కడికీ పోవు. ముందు రెక్క చూడు. దాంట్లో నా వేలితొడుగు పడింది" అన్నాను.

వెనక ఎల్డన్ తలుపు వేసి వస్తూ "ఏం పడింది?" అన్నాడు.

"నా వేలితొడుగు!"

"ఎవరు తొడిగారు?"

"వేలితొడుగు! రెక్కలో! నేనే పడేశాను!" అని అరిచాను. పక్క పొలంలో కోతయంత్రం మీదున్నవాడు కూడా తల తిప్పి చూశాడు. ఒక తప్పు ఒప్పుకోవడానికి గంటసేపు గుండె చిక్కబట్టుకుంటే, తీరా దాన్ని మూడుసార్లు, ఊరికి వినపడేలా ఒప్పుకోవాల్సి వచ్చింది నాకు.

ఎల్డన్ గోడ మీది థర్మామీటరు వంక చూశాడు. తలుపులోంచి పడమటి ఆకాశం చూశాడు. రెక్క వంక చూశాడు. నేను ఆయన మొహం వంక చూస్తూ నిలబడ్డాను, ఏభై నాలుగేళ్లుగా చదువుతున్న మొహం, అందులో ఆ క్షణాన ఒక్క అక్షరం తెలియలేదు నాకు. టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"కత్తెర ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

అంతే. నా కళ్లు నిండిపోయాయి. "మేకుకుంది, ఎప్పుడూ ఉండే చోటే" అన్నాను.

డెల్బర్ట్ ఒక చెయ్యి అడ్డం పెట్టి "ఆగండయ్యా, కసాయివాళ్లలా మీద పడకండి" అన్నాడు. రెక్కను రెండు చివరలా మమ్మల్ని పట్టుకోమని, చెవి గుడ్డకు ఆనించి, "ఇటు వంచు... చాలు. అటు వంచు..." అన్నాడు. టిక్. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ వంచమన్నాడు. "వేలితొడుగైతే దొర్లాలి పిల్లా. ఇది దొర్లడం లేదు, జారుతోంది. బిళ్లలాంటిదేదో. ఇదిగో ఇక్కడ ఆగింది, బుల్లి రెక్క తీగకు జానెడు దూరంలో. మంచి చోటు కాదు, వినపడింది, మంచిదైంది." తర్వాత జేబులోంచి ఒక ప్లాస్టిక్ కంకణం తీశాడు, టీకప్పు మూతంత. "మొత్తం ఒలవక్కర్లేదు. దీనంత కిటికీ కోసి, లోపలిది తీసి, చుట్టూ ఈ కంకణం అతికించి, మీద రేకు మూత వేద్దాం. అన్ని విమానాలకూ ఉండేదే, ఇక్కడ ఒకటి ఎక్కువ."

కంకణం గుడ్డమీద పెట్టి పెన్సిలుతో గీశాడు. కత్తెర ఎల్డన్ నా చేతికిచ్చాడు. "నువ్వు కొయ్యి, నా చేతులు వంకర" అన్నాడు. కొన మొదట దిగినప్పుడు గుడ్డ చిన్నగా నిట్టూర్చినట్టు చప్పుడు చేసింది. గుండ్రంగా కోశాను, పెన్సిలు గీత మీద, లోపలికీ బయటికీ పోకుండా. రెక్కను వంచితే లోపలిది జారుతూ వచ్చి, కిటికీ దాటి, నా అరచేతిలో పడింది.

బఠాణీ బద్దంత ఉంది. వెండిరంగు. ఒకపక్క ఎండిన జిగురు చుక్క.

డెల్బర్ట్ నల్లకళ్లద్దాలు తీసి, వంగి చూసి, నిటారుగా లేచి, ఎల్డన్ వైపు తిరిగాడు. "ఎల్డన్, ఇది నీ చెవిది గదూ?"

"ఏంటి?" అన్నాడు ఎల్డన్.

డెల్బర్ట్ నవ్వి నవ్వి బల్ల పట్టుకున్నాడు. నేను బ్యాటరీని ఎల్డన్ కళ్ల ముందు పెట్టాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు, అలవాటు చొప్పున చెవి దాకా కూడా తీసుకెళ్లాడు, మధ్యలో ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ మంగళవారం," అన్నాడు. "గుడ్డ పరిచేముందు బ్యాటరీ మార్చాను. పాతది చేతిలోంచి జారింది. కింద పడిందనుకుని చీపురుతో ఊడ్చాను కూడా. ఊడ్చాను ఆర్డిస్, ఒట్టు." ఆయన చెవిలోంచి పడిన వస్తువు చప్పుడు చేస్తే ఈ ఇంట్లో ఆయనొక్కడికే వినపడలేదు. తిట్టాలనిపించింది, తిట్టాను కూడా. "మహానుభావా, గంటసేపు చచ్చి బతికాను నీ వల్ల" అన్నాను. "నేను కనక నోరు మూసుకుని ఉంటేనా..." అని ఆగిపోయాను. అప్పుడు నవ్వడం మానేశాం ముగ్గురమూ. ఎల్డన్ ఆ బ్యాటరీని తీసుకుని, వెర్లిన్ పానాలాగా మేకుకు కట్టలేడు గనక, చొక్కా జేబులో వేసి గుండీ పెట్టుకున్నాడు.

"రంగు సంగతేంటి?" అని నేనే అడిగాను.

డెల్బర్ట్ వేళ్లు మడిచాడు. "కంకణం ఇవాళే అతికించు. రెక్కను ఇంట్లోకి తీసుకుపోండి, వంటింటి బల్లమీద పెట్టుకోండి, పొయ్యి వెచ్చదనానికి జిగురు రేపటికి పడుతుంది. మంగళవారం రంగు. తోక బిగించడానికి బుధవారం మిగులుతుంది. గురువారం మంచు. ఒక్కరోజు ఉంది చేతిలో, ఒక్కరోజు చాలు, ఈ పనిలో ఎప్పుడైనా అంతకంటే ఎక్కువ ఉందా?"

"మరి అన్నం ఎక్కడ తింటాం?" అన్నాడు ఎల్డన్.

"నిలబడి తిను," అన్నాను.

కాఫీ తాగాం, మా వైపు అలవాటు ప్రకారం రోల్స్ కూరలో ముంచుకుని తిన్నాం. జిగురు డబ్బా మూత తీసేముందు డెల్బర్ట్ జేబులోంచి కలం తీసి, దేనికో తెలియనట్టు బల్లమీద పెట్టి, "కిటికీ మూసే లోపల ఎవరైనా ఏమైనా రాయాలంటే ఇదే ఆఖరు సారి. నేను మాత్రం కాళ్లు చాపుకోవడానికి బయటికి పోతున్నా" అన్నాడు. ఎల్డన్ కూడా ఆయన వెనకే పోయాడు, పిలవకుండానే. ముసలాళ్లకు కళ్లు పోయినా అన్నీ కనపడతాయి.

కలం పట్టుకుని కిటికీలోకి చెయ్యి పెట్టాను, మణికట్టు దాకా పట్టింది. లోపల చల్లగా ఉంది. వేళ్లతో తడిమితే బద్ద తగిలింది, బద్ద మీద నా కుట్టు తగిలింది, ముడి, మళ్లీ మూడు వేళ్ల దూరంలో ముడి. ఆ రెండు ముడుల మధ్య రాశాను. చూడకుండా, తడుముకుంటూ, ఒక్కో అక్షరం. వంకరగానే వచ్చి ఉంటుంది. కనపడని చోట చెయ్యి పెట్టి రాస్తే ఎవరి అక్షరమైనా వంకరే గదా. ముందు నా పేరు రాశాను. తర్వాత చోటు మిగిలితే మా అమ్మ పేరు రాశాను, ఆమె వేలితొడుగు ఇందులో లేదు గనక.

అది ఇంకా దొరకలేదు. దొరుకుతుంది. పిండి డబ్బా చూడాలి.

వాళ్లు లోపలికి వచ్చాక కంకణం అతికించాం. జిగురు జారకుండా నేను వేళ్లతో నొక్కి పట్టుకుని కూర్చున్నాను, ఎల్డన్ గడియారం చూశాడు, డెల్బర్ట్ నా కుట్లమీద బొటనవేలు నడిపిస్తూ ఊఁ, ఊఁ అంటూ పోయాడు. అయ్యాక ఇంట్లోకి మోసుకుపోయే ముందు, ఎల్డన్ ఓ చివర, నేనో చివర పట్టుకుని రెక్కను ఎత్తాం. మెల్లగా ఇటు వంచాం. మెల్లగా అటు వంచాం. ఎల్డన్ మెడ ముందుకు చాచి, గుడ్డను కాదు, నా మొహాన్ని చూస్తున్నాడు.

"ఏమైనా వినిపిస్తోందా?"

ఇంకోసారి వంచమని తలూపాను. పక్క పొలంలో కోతయంత్రం ఎప్పుడాగిందో ఆగిపోయింది. రెక్క లోపల గాలి తప్ప ఏమీ లేదు.

"ఏమీ లేదు," అన్నాను. ఆయనకు వినపడాలని గట్టిగా అనలేదు. అయినా విన్నాడు.